వెన్నెముక మూడో ఆదివారం దాకా ఆగదు

మీకు నడుం పట్టేస్తే ముందుగా ఎవరి దగ్గరికి వెళ్తారు? డాక్టరు దగ్గరికి అని గబుక్కున చెప్పకండి. అక్కడికి ఎప్పుడు వెళ్తారో నాకు తెలుసు. అంతకుముందు ఏ గుమ్మం తొక్కారో అది చెప్పండి.

మీలో చాలామంది తొక్కిన గుమ్మం మాదే. నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. అమ్మ కడుపులోంచి తల ముందు రావలసిన చోట నాకు కాళ్ళు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదిలిపోతుందని విశాఖపట్నంలో బస్తాలు మోసేవాళ్ళ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజర్ల దాకా నమ్ముతారు. యాభై దాటిన ఈ వయసులో నా కాళ్ళు తన్నిన నడుములెన్నో చెప్పమంటే చెప్పలేను. ఒక్క నడుం మాత్రం మరిచిపోలేను. అది నా చెల్లెలి భర్తది. ఇవాళ అతను గోపాలపట్నంలో అద్దె ఇంటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో, పక్కన మూత్రం సంచీతో కూర్చుని ఉన్నాడంటే అందులో నా పాదానికి వాటా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్న పోర్టులో కళాసీ. ఓడ నుంచి దిగిన బస్తాల్ని భుజాన వేసుకుని గోదాములో దొంతులు పేర్చే పని. మా వీధిలో మగవాళ్ళందరిదీ అదే పని. అంచేత నిటారుగా నిలబడే మగవాడు మా వీధిలో తక్కువ. ఒకడు కుడికి ఒరిగి నడిచేవాడు, ఇంకొకడు నడుం మీద చెయ్యి వేసుకోకుండా మెట్టు దిగలేకపోయేవాడు. నాకు ఆరేళ్ళొచ్చేసరికి ఆదివారం పొద్దున్న మా అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉండేవారు.

తన్నించుకునేవాడు గుమ్మానికి వీపు పెట్టి నిలబడాలి. నేను గుమ్మంలో నిలబడి ఎడమకాలితో మూడుసార్లు అతని నడుం మీద తన్నాలి. కాలు అందకపోతే అమ్మ పీట వేసేది. తన్నడం అయ్యాక అతను వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. తిరిగి చూస్తే నొప్పి మళ్ళీ అంటుకుంటుందట. అలా మూడు ఆదివారాలు. పోతూ పోతూ చేపో, అరటిపళ్ళో అరుగు మీద పెట్టేవారు.

మిగతా ఆరు రోజులూ అదే కాలు పొరపాటున ఎవరికైనా తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలి. ఆడపిల్ల కాలు మగవాడికి తగలడమేమిటని ఒకసారి నాన్న నా వీపు మీద చరిచాడు. ఆ వచ్చిన ఆదివారం ఆ కాలి కోసమే తన స్నేహితుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

“నన్ను సంపినంత పని సేసి పుట్టిందీ గుంట. ఊరి నడుములు మాత్రం బాగుసేత్తంది” అనేది అమ్మ, వచ్చినవాళ్ళతో నవ్వుతూ. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు కింద ఏముందో నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. రెండు రోజులు నొప్పులు పడి, స్పృహ తప్పాక, ఎవరో రిక్షా తెస్తే అమ్మని ఆసుపత్రికి చేర్చారు. అక్కడ ఎవరో నర్సమ్మ చేతులు నన్ను బయటికి లాగాయి. ఆ నర్సమ్మ చేతుల మహిమ గురించి మా వీధిలో ఎవరూ మాట్లాడలేదు. నా కాళ్ళకి మాత్రం మహిమ వచ్చింది.

వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలన్న నియమం ఎంత తెలివైనదో ఇప్పుడు అర్థమవుతుంది. వెళ్ళినవాడికి నయమైందో లేదో నాకెప్పుడూ తెలిసేది కాదు. నయమైనవాడు నలుగురికి చెప్పేవాడు. నయం కానివాడు, తానే ఎక్కడో వెనక్కి చూసి ఉంటానని తనని తాను తిట్టుకునేవాడు. నడుం కండరం పట్టేస్తే ఎక్కువమందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మూడు ఆదివారాలంటే రెండు వారాల పైమాట. ఆ రోజుల్లో శరీరం చేసుకున్న మరమ్మతుకి పేరు నా పాదానిది.

ఆ నడుం లోపల ఏముందో నాకు ఇంటర్మీడియెట్‌లో తెలిసింది. కాలేజీ ల్యాబులో ఒక చెక్కపెట్టె ఉండేది, అందులో మనిషి ఎముకలు. మా లెక్చరర్ నడుం దగ్గరి పూస ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. గుప్పెడంత ఉంది, బరువుగా, ముందువైపు దిమ్మలాగా, వెనక రెక్కలతో. మధ్యలో బొటనవేలు దూరేటంత రంధ్రం. “కన్ను పెట్టి చూడు” అన్నారు. చూశాను. పూస మీద పూస పేరిస్తే ఆ రంధ్రాలన్నీ కలిసి గొట్టం అవుతాయి. మెదడు నుంచి దిగే వెన్నుపాము ఆ గొట్టంలో ఉంటుంది. ఇన్నేళ్ళూ నేను తన్నింది దేన్నో అప్పుడు తెలిసింది. ఆ ఆదివారం నుంచి తన్నడం మానేశాను. అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత సైన్సు టీచర్నయ్యాను. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు వెన్నెముక పాఠం చెప్పాను. మెడలో ఏడు పూసలు, ఛాతీ వెనక పన్నెండు, నడుంలో అయిదు, దాని కింద ఒకటిగా అతుక్కుపోయినవి అయిదు, చివర తోక మిగిలిన గుర్తుగా నాలుగు. మొత్తం ముప్ఫై మూడు. ఈ సంఖ్య పిల్లలందరికీ వచ్చు. తమ వీపు మీద చెయ్యి పెట్టి ఏడో పూస చూపించమంటే ఒక్కరికీ రాదు. మెడ వంచితే కాలరు దగ్గర వేలికి తగిలే గుబ్బ చాలామందిలో అదే అని చెప్తే, క్లాసంతా ఒకరి మెడ ఒకరు తడుముకుని ఆశ్చర్యపోయేది.

వెన్నెముక తిన్నని స్తంభం కాదని చెప్పేదాన్ని. పక్కనుంచి చూస్తే నాలుగు వంపులు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుం దగ్గర మళ్ళీ లోపలికి, కింద మళ్ళీ బయటికి. నడిచినప్పుడు నేల నుంచి వచ్చే అదురుని ఆ వంపులు మింగుతాయి. పూసకీ పూసకీ మధ్య డిస్కు. బయట గట్టి పట్టీలు చుట్టిన గుండ్రటి దిండు, లోపల మెత్తటి జిగురు. వంగి బరువెత్తినప్పుడు భారమంతా నడుం కిందిభాగం దిండ్ల మీద పడుతుంది. ఏళ్ళ తరబడి అదే పని చేస్తే పట్టీలు చిట్లుతాయి. ఒకరోజు లోపలి జిగురు వెనక్కి తోసుకొచ్చి నరం మీద కూర్చుంటుంది. కాల్లోకి కరెంటు కొట్టినట్టు నొప్పి పాకేది అందుకే. కోట్ల ఏళ్ళు నాలుగు కాళ్ళ మీద అడ్డంగా ఉన్న దూలాన్ని మనం ఎత్తి నిలబెట్టుకున్నాం. దానిమీద యాభై కేజీల బస్తా పెట్టమని పరిణామం ఎవరికీ చెప్పలేదు. కాంట్రాక్టరు చెప్పాడు.

సాయంత్రాలు కొంతమంది హేతువాదులం సీతమ్మధారలో ఒక హాల్లో చర్చలు పెట్టుకునేవాళ్ళం. మూఢనమ్మకాల మీద, దేవుడి మీద, కులం మీద. ఒకసారి ఎదుటిపక్షం పెద్దమనిషి లేచి, “నమ్మకం వల్ల ఎవరికి నష్టమమ్మా? తన్నించుకుంటాడు, సంతోషంగా ఇంటికి పోతాడు” అన్నాడు. నేను లేచి అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. నష్టం ఎవరికి అన్న ప్రశ్నకి మాత్రం ఆ రోజు నా దగ్గర ఒక మనిషి ముఖం లేదు. ఇప్పుడుంది.

నేను మానేసినా జనం మానలేదు. ఒకసారి ఉక్కునగరం నుంచి కారేసుకుని ఒక ఇంజనీరు వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. ఏ దూలం ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం.

“మీలాంటివాళ్ళు ఇప్పుడు దొరకడం లేదండీ. కాళ్ళు ముందొస్తున్నాయనగానే కోసి తీసేస్తున్నారు” అన్నాడు.

“కోసి తీస్తే తల్లీ పిల్లా బతుకుతున్నారు కదండీ” అన్నాను.

“అది నిజమేనండీ. కానీ ఆపరేషన్లో పుట్టినవాళ్ళు పనిచెయ్యరండీ. మామూలు కాన్పులో కాళ్ళు ముందొచ్చినవాళ్ళే కావాలి.”

స్కాను తీయించుకోమని పంపించేశాను. పొగరుబోతు మనిషి అని బయట చెప్పాడట.

ఇక నా మరిది. అతనూ గోదాములో కళాసీయే, కాంట్రాక్టు మీద. పద్దెనిమిదో ఏట భుజాన బస్తా ఎత్తాడు, నలభై రెండో ఏట దించాడు. సరదా మనిషి. నన్ను “ఒదినా, నీ పాఠం నాకూ సెప్పు” అని ఆటపట్టించేవాడు. ఒక మంగళవారం, దొంతి మీద పై వరసలోకి బస్తా విసిరేటప్పుడు నడుంలో ఏదో కలుక్కుమంది. అక్కడే కూర్చుండిపోయాడు. ఆ మర్నాటికి నొప్పి ఎడమ పిరుదు నుంచి మడమ దాకా దిగింది.

గోదాం మేస్త్రీ చూడ్డానికొచ్చాడు. మా చెల్లి చెప్పిన మాటలివి.

“ఏటి బావా, పడిపోనావేటి? డాక్టరంటే నెల రోజులు మంచం దిగొద్దంటాడు. మీ ఒదినగారు ఊర్లోనే ఉన్నారు కదా. ఆదివారం తన్నించుకో, సోమారం పనికొచ్చీ.”

ఈ ఆదివారం అన్న మాట దగ్గర ఆగండి. నడుం పట్టుకి శుక్రవారం పనికిరాదు, బుధవారం పనికిరాదు. ఆదివారమే కావాలి. ఎందుకో ఎవరూ అడగలేదు. మా నాన్న కాలం నుంచీ పోర్టు గోదాముల్లో ఆదివారం పని ఉండదు. ఆ రోజు తన్నించుకుంటే ఒక్క షిఫ్టు కూడా పోదు. మహిమ సెలవు రోజు చూసుకుని పనిచేస్తుంది. మేస్త్రీకి అంతకంటే మంచి వైద్యుడు ఎక్కడ దొరుకుతాడు? ఆ గోదాములో బస్తాల్ని పైకెక్కించే బెల్టు ఒకటి ఉంది. అది పాడై మూలన పడి ఉంది. దాన్ని బాగుచేయించమని అడిగినవాడు లేడు. మనుషుల్ని బాగుచేయడానికి నా కాలు ఉందిగా.

చెల్లి మా ఇంటికొచ్చింది. వంటగదిలో నేల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“అప్పా, ఒక్కసారి కాలెయ్యి. ఊరందరికీ ఏసినావు, నా మొగుడికి ఎయ్యవా?”

డిస్కు బొమ్మ గీసి చూపించాను. నరం చూపించాను. స్కాను తీయిద్దామన్నాను. అన్నిటికీ తలూపింది.

“తీయిద్దాం. ముందు నువ్వు తన్నెయ్యి, మూడు వారాలు అవనీ. తరవాత నువ్వేటి సెప్తే అది సేత్తాను.”

అప్పుడు నేను చేసిన పని ఇది: బేరం కుదుర్చుకున్నాను. తాకీ తాకకుండా కాలు ఆనిస్తాను, దానికి బదులు మూడో వారం స్కానుకి రావాలి. ఇందులో ఎంతో లౌక్యం ఉందనుకున్నాను. మెల్లగా ఆనిస్తే పూసకి ఏమవుతుంది, వాళ్ళ మనసు కుదుటపడుతుంది అనుకున్నాను. హాల్లో ఆ పెద్దమనిషి అన్న మాటనే, నమ్మకం వల్ల ఎవరికి నష్టం అన్న మాటనే, నా వంటగదిలో నాకు నేను చెప్పుకున్నాను.

మొదటి ఆదివారం వాళ్ళింటికెళ్ళి అలాగే ఆనించాను. అతను వెనక్కి చూడకుండా లోపలికెళ్ళి పడుకున్నాడు. రెండో ఆదివారం వెళ్ళేసరికి వరండాలో నిలబడి ఎదురు చూస్తున్నాడు.

“ఒదినా, కాల్లో నొప్పి సగానికి సగం ఎల్లిపోయింది. నీ పాఠం కంటే నీ కాలే నయం.”

నాకు సంతోషం వేసింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పీట మీద నిలబడిన ఆరేళ్ళ పిల్ల నాలో ఎక్కడికీ పోలేదు. ఆమె గర్వపడింది, మళ్ళీ కాలు ఆనించింది. అందుకే అతను లోపలికి నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోవడం చూసి కూడా చూడలేదు. చెప్పు ఎందుకు జారుతుంది? పాదాన్ని పైకెత్తే నరం చచ్చుబడుతుంటే జారుతుంది. నొప్పి ఎందుకు తగ్గింది? నొప్పిని మోసే నరం కూడా మూగబోతుంటే తగ్గుతుంది. ముప్ఫై ఏళ్ళు ఈ పాఠం చెప్పినదాన్ని, కళ్ళెదుట కనిపిస్తే చదవలేకపోయాను.

మూడో ఆదివారం ఎనిమిదింటికల్లా వెళ్ళాను. అతను మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. కడుపు ఉబ్బి ఉంది.

“నిన్న మద్దినేల నుంచి ఒంటేలు అవ్వలేదప్పా. బార్లీ నీళ్ళు తాగించాను. అయినా అవ్వలేదు” అంది చెల్లి.

“కూర్చుంటే కింద ఎలా ఉంది? స్పర్శ తెలుస్తోందా?” అని అతన్ని అడిగాను.

“మొద్దుబారిపోయిందొదినా. కూకుంటే కింద తలగడ ఎట్టినట్టుంది. నా ఒళ్ళు నాది కానట్టుంది.”

“నిన్ననే ఫోను చెయ్యలేదేం?”

చెల్లి నా ముఖం వంక వింతగా చూసింది. “ఇయ్యాలెలాగూ మూడో ఆదివారం కదా. నువ్వొస్తావు కదా అని.”

వెన్నుపాము వెన్నెముక చివరి దాకా ఉండదు. నడుం మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు విడివిడిగా, గుర్రపు తోకలాగా వేలాడతాయి. కాళ్ళ కదలిక, కూర్చునే చోట స్పర్శ, మూత్రం, మలం, అన్నీ ఆ తోకలో వెంట్రుకలే. పెద్ద డిస్కు పగిలి ఆ తోక మొత్తాన్ని నొక్కేస్తే, ఇక రోజులు లెక్కపెట్టకూడదు, గంటలు లెక్కపెట్టాలి. ఎంత తొందరగా ఆ ఒత్తిడి తీస్తే అంత దక్కుతుంది.

ఆటోలో అతన్ని పక్కకి ఒరగబెట్టి తీసుకెళ్ళాం. మధ్యాహ్నానికి స్కాను అయింది, సాయంత్రానికి ఆపరేషన్. ఆ వార్డులో డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నపిల్ల, నా స్టూడెంట్ల వయసు. స్కాను ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది. తెల్లటి గొట్టాన్ని ఒకచోట నల్లటి ముద్ద మొత్తంగా మూసేసింది.

“నిన్న మధ్యాహ్నమే ఎందుకు తీసుకురాలేదమ్మా? మీరు టీచరంటున్నారు.”

నేను నోరు తెరిచేలోపల చెల్లి అంది. “ఈవిడ ఎదురుకాళ్ళతో పుట్టిందమ్మా. మూడో తన్ను కోసం ఆగాం.”

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఫిల్ము కవరులో పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.

అతను నడుస్తున్నాడు, ఎడమ పాదానికి ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని. మూత్రం మాత్రం తిరిగి అతని అదుపులోకి రాలేదు. ఎప్పటికైనా వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేమంటున్నారు. మేస్త్రీ ఒకసారి అరటిపళ్ళు పట్టుకొచ్చాడు. ఆ వారమే దొంతి పైవరసకి ఇంకొకణ్ణి ఎక్కించాడు. బెల్టు ఇంకా మూలనే ఉంది. మే డే నాడు ఆ గోదాం గేటు ముందు టెంటు వేసి, కార్మికుడే ఈ దేశానికి వెన్నెముక అని మైకులో చెప్పారు. ఆ మాట మా మరిది ఇంట్లో కూర్చుని ఫోనులో చూశాడు.

నా కోపం మేస్త్రీ మీద ఉంది, కాంట్రాక్టరు మీద ఉంది. అన్నిటికంటే ఎక్కువ నా మీద ఉంది. నా కాలు అతని డిస్కుని పగలగొట్టలేదు. అది బస్తా చేసిన పని. నా కాలు చేసింది అంతకంటే నీచమైనది: అతన్ని ఆపింది. పదిహేను రోజులు మంచం మీద నిశ్చింతగా ఆపింది. నమ్మకం ఎవరికీ హాని చెయ్యదనేవాళ్ళు తన్ను ఎంత గట్టిగా పడిందో కొలుస్తారు. ఆగిన గంటల్ని కొలవరు.

ఇంతా అయ్యాక చెల్లి ఏమందో వినండి. పోయిన వారం కుర్చీ పక్కన కూర్చుని, సంచీ మారుస్తూ, ఎంతో ప్రేమగా అంది.

“నీ తప్పేటుందప్పా. రెండు తన్నులకే సగం నొప్పి పోయింది కదా. ఆ మూడోది కూడా పడుంటే ఇలా అయ్యేది కాదు.”

మరిది నా వైపు తిరిగి అన్నాడు. “ఒదినా, గోదాంలో ఆళ్ళకి సెప్పు. నాను సెప్తే ఇనరు. నువ్వు సెప్పు.”

ఇప్పుడు ఆదివారాలు నేను గోపాలపట్నంలో వాళ్ళ వరండాలోనే కూర్చుంటున్నాను. నడుం పట్టుకుని వచ్చేవాళ్ళు ఇంకా వస్తున్నారు. కాలు ఎత్తను. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, మరిది కుర్చీ వైపు చూపిస్తాను. కొందరు స్కానుకి వెళ్తారు. కొందరు విసుక్కుని, తన్నేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారేమోనని వెతుక్కుంటూ పోతారు.

ఆ ప్రశ్నలు మీరు అడగండి. ఈ కాగితం పక్కన పెట్టి, ఇప్పుడే, మీ ఇంట్లో నడుం నొప్పి అంటున్న మనిషి దగ్గరికి వెళ్ళండి. కూర్చునే చోట మొద్దుబారిందా? మూత్రం ఎప్పటిలాగే వస్తోందా? మలం తెలియకుండా పోతోందా? చెప్పు కాలు నుంచి జారిపోతోందా? సిగ్గుపడకుండా, ఈ మాటలతోనే అడగండి. తేడా ఉందని ఒక్క ప్రశ్నకి జవాబు వచ్చినా వారం చూడకండి, తిథి చూడకండి, నాలాంటివాళ్ళ గుమ్మం చూడకండి. ఆ మనిషిని లేపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక ఆ గోదాముకి వెళ్ళి, మూలన పడి ఉన్న బెల్టుని బయటికి లాగించండి.